కడుపుతో ఉన్నప్పుడు హెర్బల్ టీ తాగొచ్చా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో వేవిళ్ల గురించి రాశాం కదా, దాని మీద మిర్యాలగూడ నుంచి నారాయణపేట దాకా చాలామంది రాశారు. తినడం సంగతి వదిలేసి అందరూ తాగడం గురించే అడిగారు. చాయ్ మానాలా, కషాయం తాగొచ్చా, ప్యాకెట్లో వచ్చే హెర్బల్ టీ మంచిదేనా, ఇవే. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని. ఇప్పుడు మూడో నెల. నెల తప్పక ముందు నుంచే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న హెర్బల్ టీ రోజూ రెండు పూటలా తాగుతున్నాను. టెన్షన్ తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది అని రాసి ఉంది. టీ ఆకు లేదు, అన్నీ మూలికలే కదా అని కడుపు వచ్చాక కూడా మానలేదు. మొన్న మా అక్క వచ్చి డబ్బా వెనకాల చదివి, ఇందులో అశ్వగంధ ఉంది, అతిమధురం ఉంది అని పెద్ద గొడవ చేసింది. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. బిడ్డకు ఏమైనా అయి ఉంటుందా? ఇది మానేస్తే వాంతులకు ఏం తాగాలి?

జవాబు: ముందు కంగారు తగ్గించుకోండమ్మా. ఒక టీ సంచిలో ఉండే మూలిక చాలా తక్కువ, అందులో ఉన్నదంతా వేడి నీళ్లలోకి దిగదు కూడా. ఇన్నాళ్లు తాగినంత మాత్రాన బిడ్డకు ఏదో అయిపోయి ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఈరోజు నుంచి ఆపేయండి. డబ్బా మాత్రం పారేయకండి, ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు దాన్ని మీ డాక్టరమ్మ చేతిలో పెట్టి ఎన్నాళ్లు తాగారో చెప్పండి. ఐదో నెలలో ఎలాగూ టిఫా స్కాన్ చేస్తారు, బిడ్డ అవయవాలన్నీ అందులో చూస్తారు, దాని కోసం ఇప్పుడే అదనంగా పరుగులు పెట్టక్కర్లేదు.

ఇక మీ అక్క చేసిన గొడవ సంగతి. ఆమె చదివిన రెండు పేర్లూ పట్టించుకోవాల్సినవే. అశ్వగంధ కడుపుతో ఉన్నవాళ్లకు సురక్షితం అని చూపించే పరీక్షలు లేవు, ఎక్కువ మోతాదులో గర్భం పోయే ప్రమాదం ఉందని పాత కాలం నుంచీ చెబుతారు. డెన్మార్క్ అయితే 2023లో దాన్ని ఏకంగా నిషేధించింది. మీకు నిద్ర కోసం ఇచ్చినా, బలం కోసం ఇచ్చినా ఈ తొమ్మిది నెలలు వద్దు. అతిమధురం సంగతి ఇంకొంచెం తేటగా తెలుసు. అందులో గ్లైసిరైజిన్ అనే పదార్థం ఉంటుంది, తియ్యదనం దానిదే, బీపీ పెంచేదీ పొటాషియం తగ్గించేదీ కూడా అదే. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు బాగా తింటారు కాబట్టి అక్కడ తల్లుల మీద లెక్కలు తీశారు. వారానికి 500 మిల్లీగ్రాముల పైన ఆ పదార్థం తీసుకున్నవాళ్లలో నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువగా కనిపించాయి, ఆ పిల్లలు కాస్త పెద్దయ్యాక పెట్టిన తెలివితేటల పరీక్షల్లోనూ తేడా కనిపించింది. ఆ తర్వాత అక్కడి ఆరోగ్య సంస్థ గర్భిణులు తినకూడని వాటిలో అతిమధురాన్ని చేర్చింది. గొంతు నొప్పికి ఒకసారి చిన్న ముక్క చప్పరిస్తే ఏమీ కాదు, రోజూ రెండు పూటలా టీగా తాగడమే వద్దనేది. అందులోనూ మీకు గానీ మీ అమ్మకు గానీ బీపీ ఉంటే అసలే వద్దు.

మా క్లినిక్‌కు ఇలాంటి డబ్బాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అడిగితే తీసి టేబుల్ మీద పెడతారు. ముందు వైపు పచ్చటి ఆకులు, ఒక నవ్వే ఆడమనిషి బొమ్మ, నూటికి నూరు పాళ్లు సహజం అనే మాట. వెనక్కి తిప్పితే పోషకాల పట్టిక, దాని కింద పదార్థాలు, ఆ కింద బార్‌కోడ్ గీతల పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంటుంది: గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడే ముందు వైద్యుణ్ని అడగాలి. అక్కడిదాకా ఎవరూ చదవరు. ఆహార లైసెన్సు నంబరు ఉంది కదా మేడమ్ అంటారు, ఉంటుంది. అది ఆ సరుకును ఆహారంగా అమ్ముకోవడానికి ఇచ్చిన నంబరు. కడుపుతో ఉన్నవాళ్ల మీద పరీక్షించి చూశారని దానికి అర్థం కాదు, అలాంటి పరీక్షలు ఈ టీలలో దాదాపు దేనికీ జరగలేదు కూడా.

మీ డబ్బాలో ఇంకా ఏమున్నాయో మీరు రాయలేదు కాబట్టి మిగతావీ చెప్పేస్తాను. చామంతి టీ అని అమ్మేది మన బతుకమ్మలో పెట్టే చామంతి పువ్వు కాదు, కామోమైల్ అనే వేరే మొక్క. ఎప్పుడో ఒక కప్పు తాగితే భయం లేదు గానీ చివరి నెలల్లో రోజూ తాగిన ఒకరిద్దరిలో కడుపులోని బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం సన్నబడినట్లు డాక్టర్లు రాశారు, మానేశాక సర్దుకుంది. కాబట్టి రోజువారీ అలవాటుగా వద్దు. మందార పువ్వు టీ వద్దు, ఎర్రగా పుల్లగా ఉండే గోంగూర కాయల టీ కూడా వద్దు. ఇది చదివి గోంగూర పప్పు మానేసేవాళ్లు ఉంటారని తెలుసు, మానకండి, ఆకు కూరగా తినడానికీ దానికీ సంబంధం లేదు. బరువు తగ్గించే టీలలో సునాముఖి ఉంటుంది, అది విరేచనాల మందు, దాని జోలికే పోవద్దు. నిమ్మగడ్డి వాసన కోసం రెండు పోచలు వేస్తే సరే, అదే పనిగా మరిగించి తాగొద్దు.

వాంతులకు మీ ఇంట్లో ఉన్న అల్లమే అన్నిటికన్నా నయం. మూలికల్లో వికారం మీద ఇంతగా పరీక్షలు జరిగింది అల్లం ఒక్కటే, డాక్టర్ల సంఘాలు కూడా వాడొచ్చని చెబుతున్నాయి. రోజుకు ఎండు లెక్కన ఒక గ్రాము దాటకుండా చూసుకోండి. ఒక గ్రాము అంటే శొంఠి పొడి అయితే అర టీ స్పూను, పచ్చి అల్లం తురుము అయితే ఒక టీ స్పూను. దాన్ని వేడి నీళ్లలో వేసి ఐదు నిమిషాలు మూత పెట్టి, వడకట్టుకుని, కావాలంటే నిమ్మకాయ పిండుకుని, ఒకేసారి గటగటా కాకుండా రోజులో రెండు మూడు సార్లుగా తాగండి. పరగడుపున మాత్రం వద్దు, పొద్దున లేవగానే రెండు మరమరాలో ఒక బిస్కెట్టో నోట్లో వేసుకున్నాకే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తస్రావం కనిపించినవాళ్లు అడక్కుండా అల్లం టీ మొదలుపెట్టొద్దు. ఇంత చేసినా నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం చిక్కటి పసుపు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే, బరువు తగ్గుతుంటే ఇక టీలతో లాగొద్దు. డాక్సిలమిన్‌తో బి6 విటమిన్ కలిపిన గోలీలు ఎన్నో ఏళ్లుగా కడుపుతో ఉన్నవాళ్లకే ఇస్తున్నారు, అవి రాయించుకోండి. చాలామంది మూలికలైతే మంచివని నెలలు నెలలు తాగుతారు, బాగా పరీక్షించిన గోలీని మాత్రం ఇంగ్లిష్ మందు అని దూరం పెడతారు, ఈ లెక్క నాకెప్పుడూ అర్థం కాదు.

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. మా కోడలికి ఏడో నెల నడుస్తోంది. జలుబు చేయకుండా, గ్యాస్ పట్టకుండా రోజూ పొద్దున శొంఠి, మిరియాలు, తులసి, ఓమ వేసి కషాయం పెడుతున్నాను. మేము నలుగురు పిల్లల్ని కన్నాం, ఇవే తాగాం, ఏమీ కాలేదు. కోడలేమో ఫోన్‌లో ఏదో చూసి వద్దంటోంది, నేనేదో విషం పెడుతున్నట్లు మొహం తిప్పుకుంటోంది. మీరైనా చెప్పండి.

జవాబు: అత్తమ్మా, మీరు వేసే దినుసుల్లో ఏదీ విషం కాదు, అన్నీ మన వంటింటివే. ఈ మాట మీ కోడలికి కూడా చదివి వినిపించండి. అయినా రోజూ వద్దనే చెబుతాను, ఎందుకో వినండి.

పప్పుచారులో నాలుగు మిరియాలు దంచి వేస్తారు, దాన్ని ఇంటిల్లిపాదీ తింటారు. ఒక్కో మనిషికి ఎంత వస్తుంది? కషాయానికి వచ్చేసరికి గుప్పెడు తులసి, చెంచాడు ఓమ, వేలెడు శొంఠి కొమ్ము దంచి, రెండు గ్లాసుల నీళ్లు అర గ్లాసు అయ్యేదాకా మరిగించి, అంతా ఒకే మనిషికి, ఒకే పూట, రోజూ ఇస్తారు. దినుసు అదే, మోతాదు మాత్రం ఎన్నో రెట్లు. వంటలో ఉంటే అది రుచి, ఇలా దించితే అది మందు, మందుకు లెక్క ఉండాలి. శొంఠి అర చెంచా దాటకూడదని పైన టీచరమ్మకు చెప్పాను, మీ కొమ్ము ఒక్కటే దాన్ని దాటిపోతుంది. తులసి రెండు మూడు ఆకులు నమిలితే పర్వాలేదు, గుప్పెడు ఆకుల రసం నెలల తరబడి ఇస్తే ఏమవుతుందో మనుషుల మీద సరైన పరీక్షలు లేవు, జంతువుల మీద ఎక్కువ మోతాదులో చేసినవాటిలో ఫలితాలు అంత బాగా లేవు. పైగా ఏడో నెలలో పొట్ట పైకి నెట్టి ఛాతీలో మంట మామూలే, మిరియాలూ శొంఠీ ఖాళీ కడుపులో పడితే ఆ మంట ఇంకా పెరుగుతుంది. మీ కోడలు మొహం తిప్పుకోవడానికి సగం కారణం అదే అయి ఉండొచ్చు, ఒకసారి అడిగి చూడండి.

జలుబు చేసినప్పుడు రెండు మూడు రోజులు, పలచగా, ఒక పూట ఇవ్వండి, ఎవరూ కాదనరు. జ్వరం వస్తే మాత్రం కషాయం మీద ఆధారపడకుండా దవాఖానకు తీసుకుపోండి. కడుపుతో ఉన్నప్పుడు జ్వరాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు.

మీది మునుగోడు వైపు అన్నారు కాబట్టి ఇంకో మాట అడగాలి. ఆ కషాయానికి నీళ్లు ఎక్కడివి? భగీరథ నల్లా నీళ్లా, బోరు నీళ్లా? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బాధ ఎంతటిదో మీకు నేను చెప్పాలా, వంగిపోయిన నడుములు మీ ఊళ్లలో ఇంకా ఉన్నాయి. కృష్ణా నీళ్లు వచ్చాక తాగేవి మారాయి, నిజమే, కానీ వంటకూ కషాయానికీ మాత్రం ఇంటి వెనక బోరు దగ్గరే బిందె పట్టే ఇళ్లు నేను చూశాను, మరుగుతాయి కదా, ఏం కాదులే అనుకుంటారు. మరిగిస్తే పురుగులు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉండిపోతుంది. రెండు గ్లాసుల్లో ఉన్నదంతా మీరు ఇచ్చే ఆ అర గ్లాసులోకి చేరుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశంలో నీళ్లకు పెట్టిన కొలత. చాయ్ మొక్క కూడా నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకుల్లో మరీ ఎక్కువ, కాబట్టి బోరు నీళ్లతో ముదురు చాయ్ అంటే రెండు వైపుల నుంచీ వస్తుంది. ఫ్లోరైడ్ పేగుల్ని దెబ్బతీస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం పెరగదు. ఢిల్లీలో రక్తం తక్కువగా ఉన్న గర్భిణులకు ఫ్లోరైడ్ తగ్గించి, తిండి సరిచేసి చూసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది, వాళ్లలో రక్తం పెరిగింది, పుట్టిన పిల్లల బరువు కూడా బాగుంది. అందుకని తాగేదైనా, కాచేదైనా, అన్నం వండేదైనా నల్లా నీళ్లే వాడండి.

శొంఠి మీద మీకున్న నమ్మకాన్ని కాన్పు అయ్యాక తీర్చుకోండి, బాలింతకు కాయం పెట్టే రోజులు ఎలాగూ వస్తున్నాయి. అప్పుడు కూడా చేతికొచ్చినంత కాదు, చిన్న ఉండ.

ప్రశ్న: మాది అచ్చంపేట, నేను ఆటో నడుపుతాను. నా భార్యకు ఐదో నెల. రక్తం (హిమోగ్లోబిన్) 9.2 ఉందని, ఎర్ర గోలీలు రోజూ వేసుకోవాలని ఏఎన్‌ఎం మేడమ్ చెప్పింది. మూడు నెలలుగా సరిగ్గానే వేసుకుంటోంది అనుకున్నాను, మళ్లీ చూస్తే 9.3. పొద్దున చాయ్‌తో పాటు గోలీ వేసుకునేది. చాయ్‌తో వేసుకోవద్దని ఎవరో చెబితే చాయ్ మానేసి ఇప్పుడు పుదీనా టీతో వేసుకుంటోంది. ఇప్పుడైనా పెరుగుతుందా?

జవాబు: తమ్ముడూ, భార్య గోలీల లెక్క కూడా చూసుకుంటున్నారంటే సంతోషం. కానీ పుదీనా టీతో కూడా పెరగదు. చాయ్‌లో ఉండే వగరు పదార్థాలు ఇనుమును పట్టుకుని పేగులోకి పోనివ్వవు, ఈ సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. హెర్బల్ టీలలో కూడా అలాంటి వగరు ఉంటుందన్నది మాత్రం తెలియదు. 1999లో ఒక పరీక్ష చేశారు, రొట్టెతో పాటు రకరకాల టీలు తాగించి ఒంట్లోకి ఎంత ఇనుము పోయిందో కొలిచారు. మామూలు చాయ్ 79 నుంచి 94 శాతం దాకా అడ్డుకుంటే, పుదీనా జాతి టీ 84 శాతం అడ్డుకుంది, కామోమైల్ 47 శాతం. అంటే మీ ఆవిడ చాయ్ మానేసి కష్టపడింది గానీ ఫలితం మారలేదు. పుదీనా చెడ్డదని కాదు, ఆ గోలీకి పక్కన కూర్చోబెట్టొద్దు, అంతే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని ఉంది. గోలీకీ అదే పెట్టుకోండి, ఇంకా ఎక్కువ ఎడం ఉంటే ఇంకా మంచిది. మీ ఇంట్లో ఇలా చేసి చూడండి: పొద్దున చాయ్ ఆమె ఇష్టం, తాగనివ్వండి. కాల్షియం గోలీ మధ్యాహ్నం అన్నం తిన్నాక. ఎర్ర గోలీ రాత్రి తిన్న గంటన్నరకు, పడుకోబోయే ముందు, సగం నిమ్మకాయ పిండిన నీళ్లతో. నిమ్మకాయలోని సి విటమిన్ ఇనుమును లోపలికి లాగుతుంది. కాల్షియం, ఎర్ర గోలీ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, పాలతో వేసుకున్నా అదే కథ, అందుకే ఈ ఎడం. విరేచనం నల్లగా వస్తుంది, అది గోలీ రంగే, భయపడొద్దు. వికారంగా ఉందని, మలబద్ధకం ఉందని చెప్పకుండా చాటుగా మానేసేవాళ్లు చాలామంది, కాబట్టి మీరు గట్టిగా కాకుండా మెల్లగా అడగండి, నిజంగా రోజూ వేసుకుంటోందా అని. రాత్రి వేసుకుంటే ఆ వికారం నిద్రలో పోతుంది.

కడుపుతో ఉన్నవాళ్లకు రక్తం 11 ఉండాలి. 10 లోపు, 7 పైన అంటే మధ్యరకం రక్తహీనత, మీ ఆవిడది అదే. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండే ఆ ఎర్ర గోలీ రక్తం బాగున్నవాళ్లకు రోజుకు ఒకటి, ఇలా తక్కువ ఉన్నవాళ్లకు రెండు అని ప్రభుత్వ లెక్క. ఆమెకు ఎన్ని చెప్పారో మళ్లీ ఒకసారి కనుక్కోండి. సరిగ్గా వేసుకుంటే నెలలో కనీసం ఒక పాయింట్ పెరగాలి. పెరగకపోతే ఇంకో నెల చూద్దాం అని కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, సెలైన్‌లో ఎక్కించే ఇనుము ఉంది, ప్రభుత్వ దవాఖానలో కూడా ఇస్తారు. ఇదేదో మీ ఇంటి ఒక్కరి బాధ కూడా కాదు, 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు.

తిండి సంగతికి వస్తే మునగాకు పప్పు, తోటకూర, పల్లీలు, ఖర్జూరం, వారంలో రెండుసార్లు మాంసం. మునగాకు అనగానే ఆ పొడి టీ ప్యాకెట్లు కొంటారేమో, వద్దు, ఆకునే వండుకోండి. మునగ బెరడు, వేరు మాత్రం కడుపుతో ఉన్నవాళ్లు ముట్టకూడదు, గర్భం పోయే గుణం వాటికి ఉంది, ఎవరైనా పసరు అని ఇస్తే తీసుకోవద్దు. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి భోజనం 2015 నుంచి పెడుతున్నారు, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. నామోషీ అనుకోకుండా పంపించండి. అచ్చంపేటలో మీ ఆటో స్టాండ్ దగ్గర చాయ్‌కి పెట్టే డబ్బులకన్నా ఆ గుడ్డు విలువ ఎక్కువ.

ప్రశ్న: వనపర్తిలో అమ్మవాళ్లింట్లో ఉండి వర్క్ ఫ్రం హోమ్ చేస్తున్నాను. నాలుగో నెల. బరువు పెరుగుతున్నానని మామూలు చాయ్ మానేసి రోజుకు ఐదారు కప్పుల గ్రీన్ టీ తాగుతున్నాను. సరేనా?

జవాబు: సరి కాదు. గ్రీన్ టీ కూడా అదే చాయ్ మొక్క ఆకు, కెఫీన్ దాంట్లోనూ ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు అన్నిటి మీదా కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. 150 మిల్లీలీటర్ల కప్పు చాయ్‌లో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుందని పోషకాహార సంస్థ లెక్క. మీటింగ్ మధ్యలో తాగే కాఫీ, సాయంత్రం కూల్‌డ్రింకు, చాక్లెట్ కూడా ఇందులోకే వస్తాయి. ఇంకోటి, గ్రీన్ టీ బాగా ఎక్కువ తాగేవాళ్లలో ఫోలేట్ అనే విటమిన్ తగ్గుతుందని జపాన్ గర్భిణుల మీద చేసిన పరిశీలనలో కనిపించింది, మీకు ఇప్పుడు ఫోలేట్ ఎంత అవసరమో మీ డాక్టర్ చెప్పే ఉంటారు. అమ్మ చేతి పాల చాయ్ రెండు చిన్న కప్పులు, చక్కెర తగ్గించి తాగండి. బరువు నాలుగో నెలలో పెరగాల్సిందే, ఎంత అన్నది మీ డాక్టర్ దగ్గర అడగండి, టీతో తగ్గించే పని ఇప్పుడు పెట్టుకోకండి.

ప్రశ్న: మాది నారాయణపేట. మా చెల్లికి తొమ్మిదో నెల నిండుతోంది. నొప్పులు మొదలైతే జీలకర్ర కషాయం తాగించాలి, నిజం నొప్పులైతే పెరుగుతాయి, ఉత్త నొప్పులైతే ఆగిపోతాయి అని మా నానమ్మ అంటుంది. డేట్ దాటితే ఆముదం తాగించాలని కూడా అంటోంది. ఒక తెలిసినాయన పొట్లంలో ఏదో పొడి ఇచ్చాడు, వేడి నీళ్లలో కలిపి తాగితే సుఖ ప్రసవం అవుతుందట. ఏది చేయాలి, ఏది వద్దు?

జవాబు: పొట్లం ముందు పారేయండి. ఎవరు చేశారో, ఏం కలిపారో రాయని పొడి ఏదైనా ఈ సమయంలో ప్రమాదమే. 2011-12లో న్యూయార్క్‌లో మన దేశం నుంచి తెప్పించుకున్న ఇలాంటి మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్లు బయటపడింది. సీసం తల్లి నుంచి నేరుగా బిడ్డకు పోతుంది. చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ ఎవరైనా ఇస్తే పేరు, మోతాదు, రాసిన చీటీ ఉంటాయి, అదీ మీ కాన్పు డాక్టర్‌కు చూపించాకే.

ఆముదం కూడా వద్దు. అది పేగుల్ని కదిలిస్తుంది, నొప్పులు వచ్చినా రాకపోయినా వాంతులు, విరేచనాలు మాత్రం ఖాయం. రాత్రంతా బాత్‌రూమ్ చుట్టూ తిరిగి ఒంట్లో నీరంతా పోయి, కాన్పు టేబుల్ మీదికి వచ్చేసరికి నెట్టే శక్తి లేకుండా వచ్చినవాళ్లను చూశాం. డేట్ దాటితే దవాఖానలో చేర్చుకుని బిడ్డ గుండె చప్పుడు చూస్తూ నొప్పులు తెప్పిస్తారు, ఆ చూడటం ఇంట్లో కుదరదు.

జీలకర్ర కషాయం దగ్గర మీ నానమ్మతో నాకు పెద్ద తగాదా లేదు. చెంచాడు జీలకర్ర వేసి కాచిన పలచటి నీళ్లు ఒక చిన్న గ్లాసు తాగితే పోయేదేమీ లేదు, ఆ వేడికి గ్యాస్ నొప్పి అయితే తగ్గుతుంది కూడా. దాన్ని పరీక్షగా పెట్టుకుని గంటలు గంటలు ఇంట్లో కూర్చోవడమే నాకు భయం. కషాయం తాగింది, కాస్త తగ్గింది, ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ తెల్లారిపోతుంది. నిజం నొప్పులు తెలుసుకోవడానికి గోడ గడియారం చాలు, నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గుతూ, నొప్పి ఉండే సేపు పెరుగుతూ పోతుంటే అవి కాన్పు నొప్పులే. తొలి కాన్పుకు ఐదు నిమిషాలకోసారి వస్తుంటే బయల్దేరాలి, ఊరు దూరమైతే అంతకన్నా ముందే. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినట్లు అనిపించినా, తలనొప్పితో కళ్లు మసకబారినా నొప్పులతో పనిలేదు, పొయ్యి మీద జీలకర్ర నీళ్లు ఉన్నా ఆపేసి 108కి ఫోన్ చేయండి. చెల్లి ఫైలు, రక్తం గ్రూపు రాసిన కాగితం, ఆధార్ ఇప్పుడే ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర వేలాడదీయండి.